ఒంటబట్టే మందు, ఒంటబట్టని మందు

కీళ్ళవాతం ఉన్న ఇళ్ళలో మెథోట్రెక్సేట్ పేరు తెలియనివారుండరు. వారానికి ఒక్కసారే వేసుకోవలసిన ఆ చిన్న మాత్ర చరిత్ర చెప్పాలంటే కీళ్ళ దగ్గర కాదు, పేగుల దగ్గర మొదలుపెట్టాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు సంగ్రహణితో చనిపోయారు. ఇంగ్లీషు వైద్యులు దాన్ని స్ప్రూ అంటారు. తిన్న అన్నం ఒంటబట్టదు. నాలుక పూస్తుంది, రక్తం పలచబడుతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. ఆ వ్యాధికి మందు కనుక్కోవాలన్న పట్టుదలే సుబ్బారావుగారిని మద్రాసు నుంచి 1923లో అమెరికా దాకా నడిపించిందని ఆయన జీవితం గురించి రాసినవారు చెబుతారు.

1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సంగ్రహణి రోగులకు అది బాగా పనిచేసింది. తరవాత ఆ అణువునే కొద్దిగా మార్చి, ఒంట్లో ఫోలిక్ ఆమ్లం చేసే పనికి అడ్డుపడే పదార్థాలను కూడా అక్కడే తయారుచేశారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్తపు కేన్సరు ఉన్న పిల్లలకిచ్చి 1948లో ఫలితాలు ప్రకటించాడు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్ళు. 1951లో గబ్నర్, ఆయన సహచరులు అమినోప్టెరిన్‌ను కీళ్ళవాతానికీ సోరియాసిస్‌కూ వాడి చూశారు. గుణం కనిపించింది. కానీ అప్పటికి వైద్యలోకమంతా కార్టిజోన్ మోజులో ఉంది. మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి వాడవచ్చునని అమెరికా ప్రభుత్వం అనుమతించేసరికి 1988 వచ్చింది.

కీళ్ళవాతమని నేనంటున్నది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌ను. వయసుతో వచ్చే మోకాళ్ళ అరుగుదల వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారితప్పి సొంత కీళ్ళమీద పడే జబ్బు ఇది. 1800లో పారిస్‌లో లాండ్రే-బొవే అనే యువ వైద్యుడు తన పట్టా వ్యాసంలో దీన్ని వర్ణించాడు. 1859లో ఇంగ్లండులో గారడ్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు.

నేనీ సంగతులన్నీ తవ్వుకోవడానికి కారణం మా పెద్దక్క. ఆవిడకు పద్నాలుగేళ్ళుగా ఈ జబ్బు. నొప్పికి స్టెరాయిడ్లు, స్టెరాయిడ్లతో ఆకలి, ఆకలితో బరువు, బరువుతో కదలలేకపోవడం. చివరికి పొట్ట తగ్గించే శస్త్రచికిత్స మాట వచ్చింది. శస్త్రవైద్యుడి చీటీ ఒకటి, కీళ్ళ వైద్యుడి చీటీ ఒకటి. రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాని ఊసు మరొకదాంట్లో లేదు. "ఒరే, పేగు మార్గం మార్చేస్తే నా మాత్రలు ఎక్కడికి పోతాయిరా?" అని అడిగింది అక్క. నాకు తెలిసినంతలో ఇంతకంటే సూటియైన ప్రశ్న ఈ విషయంలో ఎవరూ అడగలేదు.

బరువు తగ్గించే శస్త్రచికిత్సకు మూలసూత్రం సంగ్రహణే అంటే ఎబ్బెట్టుగా ఉండవచ్చు, కానీ నిజం. తిన్నది ఒంటబట్టకుండా చేయడమే తొలి శస్త్రవైద్యుల ఉద్దేశం. 1954లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన క్రెమెన్, లిన్నర్, నెల్సన్ ఈ దారి చూపించారు. 1960లలో లాస్ ఏంజెలెస్‌లో పేన్, డివిండ్ దాన్ని స్థిరపరిచారు. ఇరవై అడుగులకు అటూ ఇటూగా ఉండే చిన్నపేగులో, మొదటి నుంచి 14 అంగుళాలు, చివరి నుంచి 4 అంగుళాలు మాత్రం కలిపి కుట్టి, మిగిలినదంతా పక్కన పడుకోబెట్టేవారు. మనుషులు చిక్కారు. దాంతోపాటు విరేచనాలు పట్టుకున్నాయి, మూత్రపిండాల్లో రాళ్ళు పుట్టాయి, కొందరి కాలేయం చెడి ప్రాణాలు పోయాయి.

ఇంకొకటి కూడా జరిగింది. నన్ను అన్నిటికంటే నిలబెట్టిన విషయం ఇదే. అంతకుముందు కీళ్ళ జబ్బు లేనివారిలో కొందరికి ఈ శస్త్రచికిత్స తరవాత కీళ్ళు వాచాయి. మణికట్లు, వేళ్ళు, మోకాళ్ళు. కొందరికి వాటితోపాటు జ్వరం, ఒంటిమీద చీముపొక్కులు. 1971లో షాగ్రిన్, ఫ్రేమ్, డంకన్ దీని గురించి రాశారు. 1976లో వాండ్స్ బృందం ఈ రోగుల రక్తంలో, పేగులోని సూక్ష్మజీవుల మూలంగా పుట్టిన ప్రతిరక్షక సమ్మేళనాలు తిరుగుతున్నాయని చూపించింది. పక్కన పడుకోబెట్టిన పేగు ఊరికే పడుకోలేదన్నమాట. కదలిక లేని చెరువులో నాచు పెరిగినట్టు అందులో సూక్ష్మజీవులు పెరిగాయి, వాటి తునకలు నెత్తుటిలోకి చేరాయి, వాటిమీద ఒళ్ళు చేసిన యుద్ధం కీళ్ళకు తగిలింది. సూక్ష్మజీవులను చంపే మందులిస్తే కొందరికి తగ్గేది. పేగును మళ్ళీ మామూలుగా కలిపేస్తే నయమయ్యేది. 1980 ప్రాంతానికి ఆ శస్త్రచికిత్సను దాదాపుగా వదిలేశారు.

మాధవనిదానం ఆమవాతం గురించి చెప్పినది ఇక్కడ గుర్తుకు రాకమానదు. జీర్ణం కాని ఆమం కీళ్ళలో చేరడమే ఆ జబ్బుకు మూలమని ఆ గ్రంథం అంటుంది. "చూశారా, మనవాళ్ళు అప్పుడే చెప్పారు" అనే ధోరణి నాకు సరిపడదు. వారు చూసింది రోగిని, వాండ్స్ చూసింది రక్తాన్ని. కానీ జబ్బుపడిన కీలును చూస్తూ పొట్ట సంగతి అడగాలన్న బుద్ధి ఎక్కడ పుట్టినా గౌరవించవలసినదే.

ఇప్పుడు చేసే శస్త్రచికిత్సలు వేరు. అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటోతో కలిసి 1966లో గాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. పుండ్ల కోసం జీర్ణాశయంలో కొంతభాగం తీసేసినవారు మళ్ళీ ఒళ్ళు చేయకపోవడం ఆయనకు ఆధారం. కాలక్రమాన అది రూపు మార్చుకుంది. జీర్ణాశయంలో ఒక చిన్న సంచిని మాత్రం వేరుచేసి, దానికి చిన్నపేగును తెచ్చి కలుపుతారు. ఇంకొకటి స్లీవ్. అందులో జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా మిగిల్చి తక్కినది కోసేస్తారు, పేగు జోలికి పోరు.

కీళ్ళ రోగికి ఈ తేడా చిన్నది కాదు. బైపాస్‌లో సంచికి కలిపిన పేగుకు ఆమ్లాన్ని తట్టుకునే అలవాటు లేదు. ఆ అతుకు దగ్గరే పుండు పడుతుంది. నొప్పి మాత్రలు ఆ పుండుకు ఆహ్వానం పలుకుతాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఈ జాతివే. అవి జీర్ణాశయపు గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతాయని 1971లో జాన్ వేన్ తేల్చాడు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఆపడం రక్తంద్వారా కూడా జరుగుతుంది. కాబట్టి "మాత్ర కాదు కదా, ఇంజెక్షనే కదా" అనుకోవడానికి వీల్లేదు. బైపాస్ చేయించుకున్నవారు ఈ మాత్రలకు దూరంగా ఉండాలని శస్త్రవైద్యులు గట్టిగా చెప్పడానికి కారణమిదే. పైగా, పక్కకు తప్పించిన పాత జీర్ణాశయంలో పుండు పడితే మామూలు ఎండోస్కోపీ గొట్టం అక్కడికి చేరదు. మన ఊళ్ళలో అసిక్లోఫెనాక్ చీటీ లేకుండానే మందులకొట్లో దొరుకుతుంది. నొప్పితో ఉన్న మనిషి చేయి దానిమీదికి పోవడం ఎంత సులభమో చెప్పనక్కరలేదు. నొప్పి మాత్రలు లేకుండా బతకలేని కీళ్ళ రోగులకు కొందరు వైద్యులు స్లీవ్‌వైపు మొగ్గడం అందుకే.

స్టెరాయిడ్ల కథ మరీ విషాదం. 1948 సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, మంచం పట్టిన ఒక కీళ్ళవాతపు రోగికి కార్టిజోన్ ఇచ్చాడు. కొద్దిరోజులకే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండల్, రైక్‌స్టీన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. మరి రెండేళ్ళకు, 1952లో, అమెరికా వైద్య పత్రికలో ఒక మరణం గురించి వచ్చింది. కార్టిజోన్ నెలల తరబడి వాడిన కీళ్ళవాతపు రోగికి తుంటి శస్త్రచికిత్స చేశారు, మందు ఆపేశారు, కొన్ని గంటల్లో రక్తపోటు పడిపోయి మనిషి దక్కలేదు. బయటినుంచి వచ్చే మందుకు అలవాటుపడిన అడ్రినల్ గ్రంథులు ఎండిపోయి ఉన్నాయి, ఆపదలో చేయవలసిన పని చేయలేకపోయాయి. ఆ భయంతో, స్టెరాయిడ్ వాడే ప్రతివారికీ శస్త్రచికిత్స నాడు పెద్దమోతాదులు పోయడం దశాబ్దాలపాటు ఆచారమైంది. తుంటి, మోకాలి మార్పిడుల విషయంలో 2017లో అమెరికా కీళ్ళ వైద్యులూ ఎముకల శస్త్రవైద్యులూ కలిసి ఇచ్చిన సూచనలు ఈ ఆచారాన్ని సడలించాయి. మామూలుగా వాడే రోజు మోతాదు చాలామందికి సరిపోతుందన్నాయి. బరువు శస్త్రచికిత్సలో ఇంకో చిక్కుంది. మొదటి రోజుల్లో వాంతులు సహజం. మింగిన స్టెరాయిడ్ బయటికి వచ్చేస్తే, ఎవరూ ఆపకుండానే మందు ఆగిపోయినట్టు! అప్పుడు నరంలోకి ఎక్కించాలి, ఆ సంగతి రోగి బంధువులకు ముందే తెలిసి ఉండాలి.

మెథోట్రెక్సేట్‌ను శస్త్రచికిత్సకు ముందు ఆపాలా వద్దా అన్నది చాలాకాలం తెగని తగవు. ఇంగ్లండులో గ్రెనన్ బృందం 388మంది కీళ్ళవాతపు రోగుల ఎముకల శస్త్రచికిత్సలను పరిశీలించి 2001లో ఫలితాలు ప్రకటించింది. మందు మానకుండా కొనసాగించినవారిలో చీముపట్టడం వంటి చిక్కులు 2 శాతం, మానినవారిలో 15 శాతం. అందరూ అనుకున్నదానికి సరిగ్గా తలకిందులు. అయితే అది ఎముకల సంగతి. పొట్ట శస్త్రచికిత్స తరవాత నీళ్ళు కూడా గుక్కలు గుక్కలుగా తాగవలసిన రోజుల్లో ఒంట్లో నీరు తగ్గితే, మూత్రపిండాలద్వారా పోవలసిన మెథోట్రెక్సేట్ పోక విషమౌతుంది. వాంతులతో నీరసించిన వారంలో ఆ మాత్ర వేసుకునే ముందు వైద్యుణ్ణి అడిగి తీరాలి. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ల వంటి జీవసంబంధ మందుల విషయంలో, తుంటి మోకాళ్ళ సూచనలు వేరే లెక్క చెప్పాయి. ఒక మోతాదు వదిలి, ఆ గడువు ముగిశాక శస్త్రచికిత్స పెట్టుకుని, గాయం మానాక, అంటే సుమారు రెండు వారాలకు, మళ్ళీ మొదలుపెట్టమన్నాయి. పొట్ట శస్త్రవైద్యులు దీన్నే అరువు తెచ్చుకుని వాడుతున్నారు.

ఇక అక్క ప్రశ్న. మెథోట్రెక్సేట్ చిన్నపేగు పైభాగంలో ఒంటబడుతుంది. ఫోలిక్ ఆమ్లం వెళ్ళే గుమ్మాలగుండానే ఇదీ లోపలికి వెళుతుంది. ఆ గుమ్మాలు లెక్కకు కొన్నే. వారానికి 15 మిల్లీగ్రాములు దాటితే మామూలు పేగులోనే మాత్రలోని మందు పూర్తిగా ఒంటబట్టదు. బైపాస్ తరవాత ఆహారం తప్పించుకుని పోయేది సరిగ్గా ఆ పైభాగాన్నే. అందుకే చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్‌కు మారడం మేలని పలువురు వైద్యుల అభిప్రాయం. నెమ్మదిగా కరిగేట్టు చేసిన మాత్రలన్నిటిదీ ఇదే బాధ. కరిగేలోపే దారి అయిపోతుంది.

ఒంటబట్టడం ఒక ఎత్తయితే, తూకం మరో ఎత్తు. హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజుకు, ఒంటి బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా కంటివైద్యుల సంఘం 2016లో చెప్పింది. దాటితే ఏళ్ళమీద కంటిపొర దెబ్బతింటుంది. 110 కిలోల మనిషికి 400 మిల్లీగ్రాములంటే కిలోకు 3.6. అదే మనిషి 70 కిలోలకు దిగితే 5.7. మాత్ర మారలేదు, మనిషి మారింది! చీటీ మాత్రం పాతదే నడుస్తూంటుంది.

ఇంతా చేస్తే కీళ్ళకు లాభముందా? కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదనీ, టీఎన్ఎఫ్ వంటి మంట పుట్టించే పదార్థాలను తయారుచేస్తుందనీ 1993లో హొటామిస్లిగిల్, స్పీగెల్మన్ చూపించారు. ఆశకు ఆధారం ఉంది. బోస్టన్‌లో ఈ శస్త్రచికిత్స చేయించుకున్న 53మంది కీళ్ళవాతపు రోగుల వివరాలు 2015లో వచ్చాయి. శస్త్రచికిత్సకు ముందు 57 శాతం మందిలో జబ్బు మధ్యస్థంగానో తీవ్రంగానో ఉండగా, ఏడాదికి అది 6 శాతానికి దిగింది. గొప్ప సంఖ్యే. కానీ బరువు తగ్గితే సీఆర్‌పీ ఎలాగూ తగ్గుతుంది, మోకాళ్ళకు భారం ఎలాగూ తగ్గుతుంది. జబ్బు తగ్గిందో, జబ్బును కొలిచే త్రాసు తేలికపడిందో విడదీయడం తేలిక కాదు. స్వీడన్‌లో ఏళ్ళ తరబడి సాగిన పెద్ద అధ్యయనం 2020లో చెప్పింది వేరు. శస్త్రచికిత్స చేయించుకున్నవారికి కొత్తగా కీళ్ళవాతం రావడం తగ్గిన దాఖలా అందులో కనిపించలేదు. నొప్పి పోయిందని మందులు మానేసేవారిని గురించే నా భయమంతా. ఎముక కొరుకుడు నొప్పి లేకుండా కూడా సాగుతుంది.

మెథోట్రెక్సేట్ వాడేవారికి దాని దుష్ఫలితాలు తగ్గడానికి వైద్యులు ఫోలిక్ ఆమ్లం కూడా రాస్తారు. సుబ్బారావుగారి చేతిలో పుట్టిన విషమూ విరుగుడూ ఒకే చీటీలో చేరడం విడ్డూరమే. అయితే ఆ విరుగుడుకు కూడా ఒక పాత కథ ఉంది. 1940ల చివరలో పెర్నీషియస్ అనే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇచ్చి చూశారు. రక్తం బాగుపడింది, రోగుల నరాలు మాత్రం చచ్చుబడుతూ వచ్చాయి. వారికి తక్కువైంది వేరొకటి. 1948లో వేరుచేసిన బీ12. బైపాస్ తరవాత సరిగ్గా ఒంటబట్టనిది ఆ బీ12. ఫోలిక్ ఆమ్లం వేసుకుంటూన్న రోగి రక్తపరీక్ష చక్కగా కనిపిస్తూంటే, పాదాల తిమ్మిరిని కీళ్ళజబ్బు ఖాతాలో వేసేయడం సులువు. అక్కకు నేను రాసిచ్చిన కాగితంలో మొదటి వరుస ఇదే: బీ12 పరీక్ష విడిగా రాయించుకో.