పలుగూ పారా పట్టిన పటాలం: కెనడా 107వ బెటాలియన్ కథ



మొదటి ప్రపంచ యుద్ధం అంటే మన పుస్తకాల్లో 1914, 1918 అనే రెండు సంవత్సరాలు, కొన్ని దేశాల పేర్లు. పరీక్షకు అవి చాలు. ఆ యుద్ధంలో ఆదివాసులు ఎక్కడున్నారు అని అడిగితే మాత్రం జవాబు వెతుక్కోవాల్సిందే. ఈసారి కెనడా సైన్యంలోని 107వ పదాతి బెటాలియన్ గురించి చెప్పుకుందాం. దానికి ‘టింబర్ వుల్ఫ్’ అని పేరు, అంటే అడవి తోడేలు. అందులో సగం దాకా ఆదివాసులే.

ముందు అప్పటి కెనడా సంగతి తెలియాలి. అక్కడి ఆదివాసులను ప్రభుత్వం ‘ఇండియన్లు’ అని రాసేది. 1876లో వచ్చిన ఇండియన్ చట్టం కింద వాళ్లు పౌరులు కారు, ప్రభుత్వం సంరక్షణలో ఉండే మైనర్ల లెక్క. ఓటు లేదు. వాళ్లకు వదిలిన కొద్దిపాటి భూమిని రిజర్వు అంటారు. దాని మీద పెత్తనం ఇండియన్ ఏజెంటు అనే అధికారిది.

1914లో యుద్ధం మొదలైనప్పుడు ఇండియన్లను సైన్యంలో తీసుకోవద్దని పైనుంచి మాట వచ్చింది. జర్మన్లు వాళ్లను నాగరిక సైనికులుగా చూడరేమో అని సాకు చెప్పారు. అయినా కొన్ని పటాలాలు చూసీ చూడనట్టు చేర్చుకున్నాయి. ఏడాది గడిచేసరికి చనిపోయిన వాళ్ల లెక్క పెరిగింది, కొత్త మనుషులు దొరకడం కష్టమైంది. 1915 డిసెంబరులో ఆ అడ్డు తీసేశారు. అంటే అవసరం పడ్డాక ఆదివాసి కూడా సైనికుడయ్యాడు.

సరిగ్గా ఆ సమయంలోనే మానిటోబా రాష్ట్రంలోని విన్నిపెగ్ పట్టణంలో 107వ బెటాలియన్ కట్టడం మొదలైంది. కట్టిన వాడు గ్లెన్ క్యాంప్‌బెల్. ఈయన కథ కూడా చిత్రమే. 1885లో వాయవ్య ప్రాంతంలో మెటీలు, కొందరు క్రీ జనం తిరగబడినప్పుడు ఈయన ప్రభుత్వం తరఫున పోరాడాడు. పెళ్లి చేసుకున్నదేమో కీసీకూవెనిన్ అనే ఆదివాసి పెద్ద కూతుర్ని. పార్లమెంటు సభ్యుడిగా చేశాడు, తర్వాత ఇండియన్ ఏజెన్సీల మీద తనిఖీ అధికారిగా పనిచేశాడు. ఆదివాసుల భాషలు వచ్చిన మనిషి. అందుకే రిజర్వుల్లోని కుర్రాళ్లు ఆయన్ని నమ్మి వచ్చారు. క్రీ, ఒజిబ్వే వాళ్లు, ఇంకా వేరే తెగల వాళ్లు చేరారు. కొంతమందికి ఇంగ్లీషు సరిగా రాదు.

1916 సెప్టెంబరులో వీళ్లు హాలిఫాక్స్ రేవులో ఓడ ఎక్కి ఇంగ్లండు చేరారు. అక్కడ ఇంకో గండం. కొత్తగా వచ్చిన బెటాలియన్లను విడగొట్టి, మనుషులను తలా ఒక పటాలానికి పంచేస్తున్నారు. 114వ బెటాలియన్‌లో కూడా ఆదివాసులు చాలామంది ఉండేవాళ్లు, దాన్ని అలాగే విడగొట్టారు. అందులో కొందరు 107లోకి వచ్చారు. తన మనుషులు చెదిరిపోకూడదని క్యాంప్‌బెల్ పట్టుబట్టాడు. చివరికి 107ను పయనీర్ బెటాలియన్‌గా మార్చారు. 1917 ఫిబ్రవరిలో ఫ్రాన్సుకు పంపి 1వ కెనడా డివిజన్ కింద పెట్టారు.

పయనీర్ అంటే ఏమిటి? చేతిలో తుపాకీ ఉంటుంది, కానీ రోజూ చేసేది పలుగూ పార పని. కందకాలు తవ్వడం, బాటలు వేయడం, ముళ్లకంచెలు కట్టడం, సామాను లాగే చిన్న పట్టాలు పరచడం. వినడానికి కూలి పనిలా ఉంటుంది. 1917 ఆగస్టులో లాన్స్ పట్టణం దగ్గర హిల్ 70 అనే గుట్ట మీద జరిగింది చూస్తే అదేం పనో అర్థమవుతుంది.

ఆగస్టు 15 తెల్లవారుజామున కెనడా పదాతి దళాలు ఆ గుట్టను పట్టుకున్నాయి. పట్టుకోవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. పైన ఉన్నవాళ్లకు నీళ్లు, తూటాలు, తిండి వెనకనుంచి వెళ్లాలి. గాయపడిన వాళ్లు కిందికి రావాలి. మధ్యలో ఉన్నదంతా బహిరంగ నేల, దాని మీద జర్మన్ ఫిరంగులు ఆగకుండా కురుస్తున్నాయి. ఆ నేలను చీల్చి పాత కందకం నుంచి కొత్త కందకం దాకా దారి తవ్వాలి. ఆ పని చేసింది 107 మనుషులు. గుండ్లు పడుతున్నా, విషవాయువు కమ్ముకున్నా తవ్వారు. పక్కన పడిపోయిన వాళ్లను మోసుకెళ్లారు. చాలామంది గాయపడ్డారు, కొందరు తిరిగి రాలేదు. జర్మన్లు ఆ గుట్ట కోసం నాలుగు రోజుల్లో 21 సార్లు ఎదురుదాడి చేశారు. గుట్ట పోలేదు.

క్యాంప్‌బెల్ ఆ అక్టోబరులోనే జబ్బు చేసి చనిపోయాడు. 1918 మేలో 107ను రద్దు చేసి మనుషులను ఇంజనీర్ల దళాల్లో కలిపేశారు. ఈ బెటాలియన్‌లో పనిచేసిన ఒకాయన పేరు టామ్ లాంగ్‌బోట్. ఒనొండాగా తెగ మనిషి, 1907లో బోస్టన్ మారథాన్ గెలిచిన పరుగువీరుడు. యుద్ధంలో చనిపోయాడని ఇంటికి తప్పుడు కబురు వెళ్లింది. తిరిగొచ్చేసరికి భార్య వేరే పెళ్లి చేసుకుంది. తర్వాత ఆయన టొరంటో నగరంలో వీధులు శుభ్రం చేసే ఉద్యోగం చేశాడు.

ఇక అసలు విషయం, భూమి. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు భూమి, అప్పు ఇవ్వడానికి కెనడా 1917లో, మళ్లీ 1919లో చట్టాలు చేసింది. తెల్ల సైనికుడికి 160 ఎకరాల దాకా ప్రభుత్వ భూమి ఉచితంగా దొరికే వీలుంది. ఆదివాసి సైనికుడు మాత్రం ఇండియన్ శాఖ ద్వారానే అడగాలి. ఏజెంటు సరే అంటే, చాలాసార్లు అతనికి చూపించింది అతని సొంత రిజర్వులోని భూమే! అంటే తన జాతి ఉమ్మడి భూమిలోనే ఒక ముక్క. అంతటితో ఆగలేదు. ఇంకో పక్క మైదాన రాష్ట్రాల్లో రిజర్వుల నుంచి 85 వేల ఎకరాలకు పైగా తీసుకుని సైనికుల పునరావాసం కింద పెట్టారు. ఆ భూమి వెళ్లింది ఎక్కువగా తెల్లవాళ్లకే.

ఆ యుద్ధంలో కెనడా ఇండియన్లు 4,000 మంది దాకా చేరారని ప్రభుత్వ లెక్క. తుపాకీ ఇచ్చేటప్పుడు మనిషిగా లెక్కపెట్టారు, భూమి ఇచ్చేటప్పుడు మళ్లీ మైనర్ని చేశారు. యుద్ధం నుంచి వచ్చిన మొహాక్ అధికారి ఫ్రెడ్ లాఫ్ట్ 1918 చివర్లో అన్ని తెగలను కలిపి ఒక సంఘం పెట్టాడు. భూమి కేసుల కోసం ఇండియన్లు అనుమతి లేకుండా చందాలు పోగు చేయడం నేరమని 1927లో చట్టం మార్చారు. అది 1951 దాకా నడిచింది. తమ హోదా వదులుకోకుండా కెనడా ఎన్నికల్లో ఓటు వేసే హక్కు అందరికీ వచ్చింది 1960లో.

ఇది దూరదేశపు కథ అనుకోకండి. అదే 1917లో మన దేశం నుంచి కూడా సంతాల్, ఒరాన్, ముండా, నాగా, లుషాయ్ జనాన్ని లేబర్ కోర్ కింద ఫ్రాన్సుకు తీసుకెళ్లారు. వాళ్ల చేతుల్లో కూడా పలుగూ పారలే. ఆ భర్తీ మీద మయూర్‌భంజ్‌లో, మణిపూర్ కుకీ కొండల్లో జనం తిరగబడ్డారు. అదే 1917లో గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీల్లో ఆదివాసి భూమి బయటివాళ్ల చేతికి పోకుండా మద్రాసు ప్రభుత్వం 1వ నంబరు చట్టం తెచ్చింది. మనం ఈరోజు వన్ ఆఫ్ సెవెంటీ అని చెప్పుకునే దానికి మూలం అక్కడుంది. చట్టం ఉన్నా భూమి ఎలా జారిపోయిందో మన ఊళ్లలో పెద్దోళ్లను అడిగితే చెప్తారు.

107 వాళ్ల గురించి ఈరోజు మనం చదవగలుగుతున్నామంటే ఆ పటాలం దినచర్య పుస్తకాలు, చేరినప్పుడు సంతకమో గుర్తో పెట్టిన కాగితాలు మిగిలి ఉండబట్టే. మన దగ్గర ఆ కాగితాలు ఇళ్లల్లో రేకు పెట్టెల్లో ఉన్నాయి, కొన్ని చెదలు తినేస్తున్నాయి. అందుకే ఒక మాట. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పట్టా కాగితాలు, పాత రసీదులు, తాతల కాలం డిశ్చార్జి కాగితాలు ఏమున్నా ఫోటో తీసి పెట్టుకోండి. సైన్యంలోకో, రోడ్డు పనికో, డ్యామ్ పనికో మన ఊరి నుంచి ఎవరెవరు వెళ్లారో, వచ్చాక వాళ్లకు ఏం ఇచ్చారో పెద్దల నోటి నుంచి విని, వాళ్ల అనుమతితో రాసుకోండి. గ్రూపులో పెట్టదగ్గవి పెట్టండి, అందరం చదువుకుందాం.

జై ఆదివాసి.