ఆగిన బీట్ వెనక రెండు కథలు

మాది మిడుతూరు. పోయినేడాది మా అవ్వ ఇంట్లో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. ఒకచోట ఈసీజీ తీసి, "బాగానే ఉంది, నీరసం" అని సెలైన్ పెట్టి పంపేశారు. మూడోసారి పడితే కర్నూలుకు తీసుకుపోయాం. అక్కడ డాక్టరమ్మ ఈసీజీ పట్టీ పొడుగ్గా తీయించి, డివైడర్‌తో కొలిచి, "పేస్‌మేకర్ పెట్టాలి" అన్నారు. ఆమె ఏం కొలిచారు? ఈరోజు కథ అదే.

ముందు బేసిక్స్. గుండె పై గదుల్లో కరెంటు పుడితే ఈసీజీలో చిన్న గుట్ట కనిపిస్తుంది. అది పీ వేవ్. కరెంటు మధ్యలో ఏవీ నోడ్ దాటి కింది గదులకు చేరితే పెద్ద ముల్లు. అది క్యూఆర్ఎస్. గుట్టకీ ముల్లుకీ మధ్య ఉండే గ్యాపే మన క్లూ.

1899. ఈసీజీ మెషిన్ ఇంకా రాలేదు. డచ్ డాక్టర్ వెంకెబాక్ ఒకామె నాడి గీతలు చూశాడు. బీట్ తప్పుతోంది, కానీ ఆ తప్పడానికీ ఒక లెక్కుంది. కరెంటు ప్రతిసారీ ఇంకొంచెం లేటుగా దిగుతుంది, చివరికి ఒకసారి అసలు దిగదు, మళ్లీ మొదటికొస్తుంది. ట్రిప్పు ట్రిప్పుకీ లేటయ్యి, ఆఖరి ట్రిప్పు క్యాన్సిలయ్యే పల్లె బస్సు లాగా! ఆ ఏవీ నోడ్‌ని జపాన్ డాక్టర్ తవారా వివరించింది 1906లో. అంటే చోటు తెలియకముందే లెక్క దొరికిందన్నమాట.

అదే 1906లో ఇంగ్లండ్‌లో జాన్ హే రెండో రకం చూశాడు. ఇందులో లేటు పెరగదు. బస్సు టైముకే వస్తూ వస్తూ, చెప్పకుండా ఒక ట్రిప్పు ఎగ్గొడుతుంది.

ఈలోగా ఐంతోవెన్ ఈసీజీ మెషిన్ తెచ్చాడు. దాదాపు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు, పేషెంటు చేతులూ కాలూ ఉప్పునీళ్ల బకెట్లలో! 1905లోనే హాస్పిటల్ నుంచి కిలోమీటరున్నర దూరంలోని తన ల్యాబ్‌కి టెలిఫోన్ వైరు మీద ఈసీజీ తెప్పించాడు. మనం వాట్సాప్‌లో పంపే ఈసీజీకి తాత అదే. 1924లో ఆయనకు నోబెల్ వచ్చింది. అదే ఏడాది మోబిట్జ్ ఈ రెండు రకాలనూ ఈసీజీ మీద విడదీసి చూపించాడు.

ఎందుకు విడదీయాలి? మొదటి రకం ఎక్కువగా ఏవీ నోడ్‌లోనే ఉంటుంది, చాలాసార్లు ప్రమాదం తక్కువ. రెండోది ఇంకా కింద వైరింగ్‌లో సమస్య. ఎప్పుడైనా పూర్తి బ్లాక్ కావచ్చు. అవ్వది రెండోదే. మామూలు ఈసీజీ పట్టుకునేది పది సెకన్లే. ఆ పది సెకన్లలో బీట్ తప్పకపోతే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

అందుకే ఇంట్లో పెద్దోళ్లు ఉన్నట్టుండి పడిపోతే, ఒక్క ఈసీజీ బాగుందని వదిలేయొద్దు. "ఇంకాసేపు చూస్తారా డాక్టర్?" అని అడగండి. మేం మొదటిసారే అడగాల్సింది.

అవ్వ ఇప్పుడు బాగుంది. ఈ వీడియో కూడా చూస్తుంది. ఉంటా మరి!