చీలని కణాల పట్టు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం సీమలో ఒక వృత్తి చరిత్ర

మైసూరు పీఠభూమి తూర్పు అంచు తెలుగునాట అడుగుపెట్టే చోట, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు పట్టుపురుగుల పెంపకం పడమటి దిక్కు నుంచి వచ్చింది. 1780ల్లో టిప్పు సుల్తాను బెంగాలు నుంచి పురుగులను తెప్పించి, మల్బరీ తోటలు వేయించి తన రాజ్యంలో ఈ వృత్తిని నెలకొల్పిన నాటికి మదనపల్లె ప్రాంతం ఉన్న గుర్రంకొండ సీమ కూడా మైసూరు ఏలుబడిలోనే ఉండేది. 1792లో అది నిజాముకు, 1800లో ఈస్టిండియా కంపెనీకి దక్కింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప జిల్లా నుంచి మదనపల్లె, ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి పుంగనూరు జమీందారీ, కుప్పాన్ని కలుపుకొన్న కంగుంది జమీందారీ వచ్చి అందులో చేరాయి. పాలకులు మారినా, జిల్లాల గీతలు మారినా, పట్టు విషయంలో ఇక్కడి రైతు చూపు కోలారు వైపే ఉండేది: అక్కడి గుడ్లు, అక్కడి మెలకువలు ఇటు రాగా, ఇక్కడి గూళ్లు శిడ్లఘట్ట, రామనగరం సంతలకు వెళ్లేవి. పురుగుకు హితవైన 24 నుంచి 28 డిగ్రీల వేడి ఏడాదిలో ఎక్కువ నెలలు దొరికే నేల ఇది కావడం వల్ల ఆ విద్య ఇక్కడ నిలిచింది.

ఈ వృత్తి చరిత్రను రాజుల పేర్లతోనో, ప్రభుత్వ పథకాల పేర్లతోనో చెప్పడం పరిపాటి. అది సరైనదే కాని చాలదు, ఎందుకంటే రెండు శతాబ్దాలకు పైగా పెంపకందారులు మేపుతూ, నిద్రపుచ్చుతూ, మేల్కొల్పుతూ వచ్చింది నిజానికి పురుగు కణాల్లో జరిగే ఒకే ఒక పనిని. కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకునే పనిని. ఆ పని సాధారణంగా నడిచే తీరును పట్టుపురుగు రెండు చోట్ల తప్పుతుంది. ఈ సీమ పట్టు వ్యాపారమంతా ఆ రెండు మినహాయింపుల మీదే నిలబడి ఉంది.

ముందుగా సాధారణ నియమాన్ని చూడాలి. డీఎన్‌ఏ అంటే ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరిగిన రెండు పోగుల అణువు. ఒక పోగులోని ప్రతి క్షారానికి, అంటే పోగును కూర్చే ప్రతి రసాయన అక్షరానికి, రెండో పోగులో నిర్ణీతమైన జోడు ఉంటుందని 1953లో వాట్సన్, క్రిక్ చూపగా, నకలు తీసేటప్పుడు రెండు పోగులూ విడిపోయి ఒక్కొక్కటి కొత్త జోడుకు అచ్చుగా పనిచేస్తుందని 1958లో మెసెల్సన్, స్టాల్ ప్రయోగంతో రుజువు చేశారు. దీనినే ప్రతికృతి అంటారు. మెలికను విప్పే ఎంజైమును హెలికేస్ అని, విడిన పోగు వెంట జోడు క్షారాలను కూర్చుకుంటూ పోయే ఎంజైమును డీఎన్‌ఏ పాలిమరేజ్ అని పిలుస్తారు. పాలిమరేజ్ ఒకే దిశలో నడవగలదు, పోగులు మాత్రం ఎదురెదురు దిశల్లో ఉంటాయి. అందువల్ల ఒక పోగు మీద నకలు ఏకధాటిగా సాగితే, రెండో పోగు మీద చిన్న చిన్న ముక్కలుగా తయారై తరువాత అతుక్కుంటుంది. పట్టుపురుగు డీఎన్‌ఏలో ఒక్క వరుసకు, అంటే ఒక పూర్తి ప్రతికి, సుమారు 45 కోట్ల క్షారజంటలు ఉంటాయి కనుక, పని ఒక కొసన మొదలై రెండో కొస దాకా పాకదు. అనేక చోట్ల ఒకేసారి ఆరంభమవుతుంది. నకలు పూర్తయ్యాక కణం రెండుగా చీలి చెరొక ప్రతిని పంచుకుంటుంది, ఆ పంపకం జరిగే దాకా మళ్లీ నకలు మొదలు కాకుండా కణంలోనే కట్టుదిట్టమైన అదుపు ఉంటుంది. ఒకసారి నకలు, ఒకసారి చీలిక: మల్బరీ ఆకులోనైనా మనిషి చర్మంలోనైనా ఇదే వరుస.

పట్టుగ్రంథి ఈ వరుసను పాటించదు. పురుగు దేహంలో రెండు పక్కలా సాగే ఈ జంట గొట్టాల్లో ఒక్కొక్కదానిలో ఉండేవి సుమారు వెయ్యి కణాలే, ఆ సంఖ్య కూడా గుడ్డులో పిండం ఎదిగే దశలోనే తేలిపోతుంది. గుడ్డు పగిలి పురుగు బయటికి వచ్చాక ఆ కణాలు ఇక ఎన్నడూ చీలవు. కాని డీఎన్‌ఏ నకలు మాత్రం ఆగదు. చీలిక అనే మెట్టును వదిలేసి, ఒక నకలు ముగిశాక మరొక నకలుగా 17 నుంచి 19 విడతల దాకా సాగుతుంది. ప్రతి విడతకూ ఉన్నది రెట్టింపవుతుంది కనుక, చివరికి ఒక్కొక్క కేంద్రకంలో లక్షల ప్రతులు పేరుకుంటాయి. అన్ని ప్రతులకు చోటు కల్పించవలసిన కేంద్రకం గుండ్రంగా మిగలక, కొమ్మలు చాచిన చెట్టులా కణమంతా పాకుతుంది. ప్రతికృతి చరిత్రలో ఇంతటి సంచయం చాలా అరుదు, అది ఈ సీమలోని పల్లెటిళ్ల తట్టల్లో ప్రతి పంటకూ జరుగుతోందన్నది ఈ ప్రాంత చరిత్రకారులు గుర్తించి తీరవలసిన సంగతి.

ఇన్ని ప్రతులు ఎందుకన్న ప్రశ్నకు జవాబు గూడులోనే ఉంది. గ్రంథి వెనుక భాగంలోని కణాలు ఫైబ్రోయిన్ అనే పట్టు మాంసకృత్తును, నడిమి భాగంలోని కణాలు దారాన్ని అంటించే సెరిసిన్ అనే జిగురును తయారుచేస్తాయి. కొద్ది రోజుల్లో అంత సరుకు తీయడానికి ఫైబ్రోయిన్ జన్యువు ఒక్కదానినే కణం విడిగా వేలరెట్లు పెంచుకుంటుందేమోనని ఒకప్పుడు అనుమానించారు. 1972లో యోషియాకి సుజుకి, డొనాల్డ్ బ్రౌన్ తమ సహచరులతో కలిసి చేసిన పరిశోధనలో, డీఎన్‌ఏ వరుస ఒక్కొక్కదానికి ఆ జన్యువు ఒక్కటే ఉంటుందని, పట్టుగ్రంథిలో కూడా ఆ నిష్పత్తి మారదని తేలింది. అంటే పెరిగేది ఒక్క జన్యువు కాదు, డీఎన్‌ఏ మొత్తం. చీలిక లేకుండా నకలు మాత్రమే జరిగే ఈ గ్రంథి ప్రతికృతి ఎంజైములను వెతకడానికి అనువైన చోటని గ్రహించి, కుప్పానికి దగ్గరలోనే ఉన్న బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో కె.పి. గోపీనాథన్ బృందం 1990ల ఆరంభంలో ఇందులో నుంచే డీఎన్‌ఏ పాలిమరేజ్ డెల్టాను వేరుచేసి పరీక్షించింది.

పెంపకందారుల ఆచారాలను ఈ వెలుగులో చదివితే వాటి లోతు తెలుస్తుంది. పురుగు నాలుగుసార్లు జ్వరానికి కూర్చుని, అంటే మేత మాని పాత చర్మం విడిచి, ఐదో దశకు చేరుతుంది. దాని జీవితకాలపు మేతలో 80 శాతానికి పైగా ఈ చివరి దశలోనే తింటుంది. ఆ దశ తొలి రోజుల్లో గ్రంథి కణాలు నకలు తీసుకుంటూ పెరుగుతాయి. తరువాతి రోజుల్లో ఫైబ్రోయిన్ తయారీ జోరందుకుని గ్రంథి పురుగు బరువులో 40 శాతం దాకా ఆక్రమిస్తుంది. కొత్త డీఎన్‌ఏకు కావలసిన ముడిసరుకంతా ఆకు నుంచే రావాలి కనుక, ఆ తొలి రోజుల్లో మేత తప్పితే నకళ్లు మందగిస్తాయి, తరువాత ఎంత ఆకు వేసినా ఆ లోటు పూర్తిగా పూడదు. ఐదో దశలో రాత్రి మేత తప్పనివ్వని ఇంటి ఆడవాళ్ల పట్టుదల ఈ వృత్తికి అసలైన పెట్టుబడి, ఏ లెక్కల పుస్తకంలోనూ దానికి తగిన చోటు దక్కలేదు.

రెండో మినహాయింపు గుడ్డులో ఉంది. మైసూరు సీమలో స్థిరపడిన ప్యూర్ మైసూర్ జాతి ఏడాది పొడవునా ఆగకుండా తరాలు కొనసాగిస్తుంది, కాని దాని దారం పొట్టిది. జపాను, చైనాల బైవోల్టిన్ జాతుల, అంటే ఏడాదికి రెండు తరాలే కొనసాగించే జాతుల, దారం కిలోమీటరుకు మించి సాగగలదు, కాని వాటి గుడ్లు పెట్టిన కొద్ది రోజులకే సుప్తావస్థలోకి, అంటే నెలల తరబడి సాగే నిద్రలోకి, జారుకుంటాయి. ఆ నిద్రలో పిండ కణాలు ఎక్కడ ఆగుతాయో 1991లో జపాను శాస్త్రజ్ఞులు చూపారు: డీఎన్‌ఏ నకలు పూర్తయి, చీలిక మొదలుకాని మెట్టు వద్ద. గ్రంథి కణం చీలికను పూర్తిగా వదిలేస్తే, గుడ్డులోని కణం చీలికకు సర్వం సిద్ధం చేసుకుని ఆగుతుంది. ఈ విషయం తెలియక ముందు నుంచే గ్రెయినేజీల్లో, అంటే గుడ్లు తయారుచేసే కేంద్రాల్లో, గుడ్లు పెట్టిన తొలి రోజునే వాటిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి ఆ నిద్ర పట్టకుండా చేయడం, లేదా శీతల గదిలో దాచి కావలసిన నెలలో మేల్కొల్పడం ఆనవాయితీగా సాగుతోంది. తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో పెబ్రిన్ రోగాన్ని వెతికే పాశ్చర్ పద్ధతి కూడా ఆ గ్రెయినేజీల్లో నేటికీ నడుస్తోంది.

పెబ్రిన్ గుడ్డుతో వస్తే, పాలరోగం అనే మరో జబ్బు ప్రతికృతి యంత్రాంగం మీదే దెబ్బకొడుతుంది. దానికి కారణమైన వైరస్ సుమారు 1,28,000 క్షారజంటల డీఎన్‌ఏతో, సొంత పాలిమరేజ్, సొంత హెలికేస్ జన్యువులతో కణ కేంద్రకంలో చొరబడి, తన ప్రతులనే అచ్చు వేయించి, చివరికి కణాన్ని పగలగొడుతుంది. పురుగు దేహం పాలవంటి ద్రవం కారుస్తూ చస్తుంది. సున్నం, బ్లీచింగ్ పొడి వంటి క్రిమిసంహారకాలు తప్ప రైతు చేతిలో పెద్ద ఆయుధం లేదు.

ప్యూర్ మైసూర్ తల్లికి బైవోల్టిన్ తండ్రిని జతచేసిన సంకరజాతి చాలాకాలం ఈ సీమను ఏలింది. 1989లో మొదలైన జాతీయ పట్టు పథకం ఆంధ్రప్రదేశ్‌ను కూడా చేర్చుకుంది. 1991లో జపాను సహకారంతో మొదలైన కృషి ఫలితంగా మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ ఆ దశాబ్దం చివరికల్లా సీఎస్‌ఆర్2, సీఎస్‌ఆర్4 వంటి జాతుల సంకరాలను రైతులకు అందించింది. అదే కాలంలో చైనా పట్టు దిగుమతులు గూళ్ల ధరను పలుమార్లు దెబ్బతీశాయి. అయినా తోటలు నిలిచాయి. నేడు పురుగులను రెండో జ్వరం దాకా చాకీ కేంద్రాల్లో పెంచి రైతులకు ఇస్తున్నారు; పండిన పురుగులు చంద్రికల మీద, అంటే గూళ్లు కట్టడానికి పెట్టే చట్రాల మీద, కట్టిన గూళ్లలో కొన్ని కన్నడసీమకు, కొన్ని హిందూపురం, మదనపల్లె మార్కెట్లకు చేరుతున్నాయి. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాలు పట్టుచీరలే నేస్తున్నాయి. గూడు లోపల పురుగు కోశస్థ దశకు మారగానే, పని ముగిసిన పట్టుగ్రంథి కణాలు తమంతట తామే నశించి, వాటిలో పేరుకున్న లక్షల ప్రతులూ ముక్కలై కరిగిపోతాయి. అందువల్ల ఐదో దశ ఆకులో పెట్టిన ఖర్చును రైతు తిరిగి రాబట్టుకోగలిగేది ఆ కొద్ది రోజుల్లో బయటికి వచ్చిన దారంలో మాత్రమే.