లేపాక్షి గోడ మీది మచ్చల నుంచి సీఎఫ్‌పీ దాకా: పక్కవాడి డబ్బుకి సలహా చెప్పే అర్హత ఎవరిది?

బీకామ్ అయిపోయింది, బ్యాంకు కోచింగ్‌కి పోవాలా, సీఎఫ్‌పీ చేయాలా అని ఆలోచిస్తున్నవాళ్ళు ఈ ఎపిసోడ్ చివరిదాకా చూడండి. సీఎఫ్‌పీ అంటే సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్. ఒక కుటుంబం సంపాదన, అప్పు, బీమా, పిల్లల చదువు, ముసలితనం అన్నీ కలిపి లెక్కేసి, ఏం చేయాలో చెప్పే మనిషి. కోర్సు వివరాలు తర్వాత చెప్తాను. ముందు మన ఊరి కథ ఒకటి వినాలి.

హిందూపురం నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. అక్కడి వీరభద్రస్వామి గుడి 1530ల నాటిది. అప్పుడు రాజు అచ్యుతదేవరాయలు. గుడి కట్టించింది విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. విరూపణ్ణ పెనుకొండలో కోశాధికారి, అంటే ఖజానా తాళాలు ఆయన చేతిలో ఉండేవి. జనం చెప్పుకునే కథ ఏమిటంటే, రాజుని అడగకుండా ఖజానా డబ్బు గుడికి ఖర్చు పెట్టేశాడు. రాజుకి తెలిసి, కళ్ళు పీకేయమన్నాడు. భటులు వచ్చేదాకా ఎందుకని విరూపణ్ణే తన కళ్ళు పీక్కుని గోడకేసి కొట్టాడట. గోడ మీద ఎర్రటి మచ్చలు ఇప్పటికీ చూపిస్తారు. ఆ మచ్చలు నిజంగా రక్తమేనా అంటే, అది ఐతిహ్యమే, శాసనంలో రాసిన మాట కాదు. కానీ కళ్యాణ మండపం సగంలో ఆగిపోయి ఉంది, అది మాత్రం వెళ్ళి చూడొచ్చు.

ఈ కథలో నాకు ఆసక్తిగా అనిపించేది ఒకటుంది. విరూపణ్ణ డబ్బు ఇంటికి తీసుకుపోయాడని ఎవరూ అనరు. ఉద్దేశం మంచిదే. తప్పల్లా, డబ్బు ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది. సొంతదారుని అడగలేదు, లెక్క చెప్పలేదు. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, ఇప్పుడు నేరుగా మన కాలానికి వచ్చేద్దాం.

మన ఊళ్ళల్లో డబ్బు సలహా ఎవరిచ్చేవారు? బీమా ఏజెంటు, చిట్టీలు నడిపే ఆయన, పోస్టాఫీసు ఏజెంటు. అందరూ తెలిసినవాళ్ళే. పెళ్ళికి పిలిస్తే వచ్చేవాళ్ళే. కానీ ఒకప్పుడు కొన్ని బీమా పాలసీల్లో మొదటి ఏడాది కట్టిన ప్రీమియంలో 35 శాతం దాకా ఏజెంటుకి కమిషన్‌గా పోయేది. ఆ విషయం కట్టేవాడికి ఎవరు చెప్పారు? అగ్రిగోల్డ్ చూడండి. విజయవాడ కంపెనీ. లక్షల మంది దగ్గర వేల కోట్లు వసూలు చేసి 2014-15 నాటికి చేతులెత్తేసింది. అక్కడ డబ్బు తీసుకెళ్ళింది సూటు వేసుకున్న మోసగాడు కాదు, చాలాచోట్ల పక్కింటి ఏజెంటే. ఆ ఏజెంట్లలో తమ సొంత డబ్బు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. చూశారా, ఇక్కడ కూడా ఉద్దేశం ఒక్కటే చాలలేదు.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం, అమెరికాకి. 1969 డిసెంబర్ 12న షికాగో విమానాశ్రయం దగ్గర ఒక హోటల్‌లో పదముగ్గురు కూర్చున్నారు. వాళ్ళని పోగు చేసింది లోరెన్ డంటన్. వాళ్ళ బాధ ఏమిటంటే, బీమా అమ్మేవాడు బీమా ఒక్కటే చూస్తాడు, మ్యూచువల్ ఫండ్ అమ్మేవాడు ఫండే చూస్తాడు, మొత్తం కుటుంబాన్ని చూసేవాడు లేడు. అందుకని కాలేజ్ ఫర్ ఫైనాన్షియల్ ప్లానింగ్ అని ఒకటి పెట్టారు. 1973లో మొదటి బ్యాచ్ 42 మంది బయటికి వచ్చారు. సీఎఫ్‌పీ అనే మూడక్షరాల పుట్టుక అదీ.

కానీ ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆ మొదటి తరం సీఎఫ్‌పీలు బతికింది ఎక్కువగా కమిషన్ మీదే. సర్టిఫికెట్ ఉంది, చదువు ఉంది, ఆదాయం మాత్రం అమ్మకం నుంచే. క్లయింటు ప్రయోజనం ముందు, నా ప్రయోజనం తర్వాత అనే నియమం ఎప్పుడొచ్చింది? అమెరికా సీఎఫ్‌పీ బోర్డు ముందు కొన్ని రకాల పనులకే దాన్ని పెట్టింది. ఏ ఆర్థిక సలహా ఇచ్చినా పాటించాల్సిందే అన్నది 2019 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చింది. 1969 నుంచి 2019. యాభై ఏళ్ళు! పరీక్ష పెట్టడం తేలిక, కమిషన్ వదులుకోమనడం కష్టం. నా లెక్కలో ఈ సర్టిఫికెట్ అసలు చరిత్ర ఈ యాభై ఏళ్ళే.

మన దేశానికి సీఎఫ్‌పీ 2000ల మొదట్లో వచ్చింది. చట్టం వేరే దారిలో నడిచింది. 2009 ఆగస్టులో మ్యూచువల్ ఫండ్ల ఎంట్రీ లోడ్‌ని సెబీ తీసేసింది. 2013లో డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి, ఆ ఏడాదే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల నిబంధనలూ వచ్చాయి. 2020లో ఇంకో మెలిక పెట్టారు: ఒకే క్లయింటుకి సలహా ఫీజూ తీసుకుని, అమ్మకం కమిషనూ తీసుకోవడం కుదరదు, ఏదో ఒకటే. విరూపణ్ణ కథ తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

సరే, ఇప్పుడు మన మూడు ఊళ్ళు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు పోయే ఒకే రైలు లైను మీద ఉన్నాయి. కానీ మూడు చోట్లా డబ్బు వచ్చే తీరు వేరు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది, 2019లో కార్ల ఉత్పత్తి మొదలైంది. అక్కడ ఉద్యోగికి నెల కాగానే జీతం పడుతుంది. అతనికి ప్లాన్ రాయడం తేలిక, పుస్తకాలన్నీ అతని కోసమే రాసినట్టుంటాయి. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌కి వచ్చే రైతుకి పంట పంటకీ డబ్బు, అదీ ఆ రోజు వేలంలో పలికిన రేటు. నెలనెలా సిప్ కట్టమంటే ఎట్లా కడతాడు? ధర్మవరం మగ్గం మనిషిది ఇంకో కథ. పట్టు మాస్టర్ వీవర్ ఇస్తాడు, కూలి చీరకి ఇంత అని. అడ్వాన్సు ముందే తీసుకుని ఉంటాడు, చేతికొచ్చేది కోత పోగా మిగిలింది. అతనికి మొదటి సలహా ఏ ఫండు కొనాలన్నది కాదు, ఏ అప్పు ముందు తీర్చాలన్నది. పట్టు రేటు పెరిగి మగ్గం ఆగితే ఇల్లు ఎన్ని వారాలు నడుస్తుందన్నది. అప్పుల వల్ల ప్రాణాలు తీసుకున్న నేతన్నల ఊరది, ఈ లెక్క అక్కడ ఊరికే కాగితం మీది లెక్క కాదు. ఇక్కడి యాస తెలిసి, చీర కూలి లెక్క తెలిసినవాళ్ళు సీఎఫ్‌పీ చదివితే బెంగళూరు ఆఫీసులో కూర్చున్నవాళ్ళకంటే బాగా చెప్పగలరని నా నమ్మకం.

కోర్సు సంగతి. మన దేశంలో సీఎఫ్‌పీ ఇచ్చేది ఎఫ్‌పీఎస్‌బీ. ఇన్వెస్ట్‌మెంట్ ఒక భాగం, రిటైర్మెంట్, పన్నులు కలిపి ఇంకో భాగం, రిస్కు, వారసత్వం కలిపి మూడోది. ఆ తర్వాత అన్నీ కలిపి ఒక కుటుంబానికి పూర్తి ప్లాన్ తయారు చేయాలి, పైన చివరి పరీక్ష. పరీక్షతో అయిపోదు, పని అనుభవం చూపించాలి, నీతి నియమాలకి ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఇది యూనివర్సిటీ డిగ్రీ కాదు, ఒక ట్రేడ్‌మార్కు. రెన్యూవల్ చేసుకోకపోతే పేరు పక్కన వాడుకోకూడదు.

ఇంకోటి, చాలామంది ఇక్కడే పొరబడతారు. సీఎఫ్‌పీ పాసైతే ఫీజు తీసుకుని ఇన్వెస్ట్‌మెంట్ సలహా ఇచ్చేయొచ్చు అనుకుంటారు. కుదరదు. దానికి ఎన్ఐఎస్ఎం పరీక్షలు రాసి, సెబీ దగ్గర రిజిస్టర్ అవ్వాలి. 2024 డిసెంబర్‌లో ఈ దారి కొంచెం తేలికైంది. పీజీ ఉండాలన్నది తీసేసి డిగ్రీ చాలన్నారు, ఇన్నేళ్ళ అనుభవం కావాలన్నదీ తీసేశారు.

మీరు చదివేవాళ్ళు కాదు, సలహా తీసుకునేవాళ్ళయితే, మీ ముందు కూర్చున్న మనిషిని నంబరు అడగండి. ఐఎన్ఏ అని మొదలైతే సెబీ దగ్గర రిజిస్టరైన అడ్వైజరు, మీ దగ్గర ఫీజు తీసుకుంటాడు. ఏఆర్ఎన్ నంబరు చెప్తే మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటరు, కమిషన్ కంపెనీ ఇస్తుంది. అదీ తప్పు కాదు, కాకపోతే మీకు తెలిసి ఉండాలి. సెబీ వెబ్‌సైట్‌లో అడ్వైజర్ల జాబితా ఉంటుంది, ఆ నంబరు పెట్టి ఫోన్‌లోనే వెతకొచ్చు.