మా తాత వేలిముద్ర

పసుపు తవ్వే పని మీదున్నాం, పగలు కూర్చోడానికి ఖాళీ లేదు. అయినా ఈ సంగతి రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

పోయిన వారం మా తమ్ముడి కొడుకు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. రోడ్డు పక్కన మా గరువు ఉంది, ఎకరం పైచిలుకు. కింద నుంచి వచ్చిన ఒకాయన దాన్ని 33 ఏళ్ళకు అడుగుతున్నాడంట. టూరిస్టులకు గుడారాలు వేస్తాడంట. "అమ్మడం కాదు పెదనాన్నా, లీజే. ఏడాదికింత అని ఇస్తాడు. నువ్వొక సంతకం, నాన్నొక సంతకం, అంతే" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. రెండ్రోజులు ఆగమన్నాను. ఆ గరువు మీద ఇంతకుముందు కూడా ఒక కాగితం పుట్టింది. దాని మీద మా తాత వేలిముద్ర ఉంది. ఆ కథ మా తమ్ముడి కొడుక్కి తెలీదు. మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఇలాంటి కథ ఉండే ఉంటుంది.

మాది కొండదొరల ఇల్లు. మా ఊరి నుంచి అరకు సంతకి నడిచి వెళ్తే ఒక పూట. మా తాత చదువుకోలేదు, మా మామ్మా చదువుకోలేదు. కానీ మామ్మకి మూడు భాషలు వచ్చు. ఇంట్లో కూబి, సంతలో ఒడియా, షావుకారు ముందు తెలుగు. ఆ కూబి ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ రాదు. నాకు నాలుగు ముక్కలొచ్చు, మా పిల్లలకి అదీ లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారనే పెద్ద భాషా పండితుడు ఈ కూబి భాష మీద ఒక పుస్తకం రాశారు, 1969లో అచ్చయింది. మా మామ్మ నోట్లో నానిన భాషకి పుస్తకం ఉందని నాకు యాభై ఏళ్ళు వచ్చాక తెలిసింది.

ఇప్పుడు అరకు అంటే హోటళ్ళు, కార్లు, కాఫీ దుకాణాలు. మామ్మ చెప్పిన అరకు వేరు. శుక్రవారం మనుషులు, మిగిలిన రోజులు గాలి. సంత రోజు నలుదిక్కుల కొండల మీద నుంచి జనం దిగేవారు. వలిసెలు, చింతపండు, పిప్పళ్ళు, తేనె, అడ్డాకులు, చీపుర్లు తెచ్చేవారు. ఉప్పు, ఎండు చేపలు, గుడ్డలు పట్టుకెళ్ళేవారు. అన్నిటికంటే ముఖ్యం ఉప్పు. అడవి అన్నీ ఇస్తుంది గానీ ఉప్పు ఇవ్వదు. మా తాత వయసులో ఉన్నప్పుడు కావిడి వేసుకుని శృంగవరపుకోట దాకా దిగి, ఉప్పు మోసుకుని మళ్ళీ ఘాటీ ఎక్కేవాడంట. దిగడం ఒక ఎత్తు, బరువుతో ఎక్కడం ఒక ఎత్తు.

అందరూ అలా దిగలేరు కదా. ఉప్పు పైకి తెచ్చి అమ్మే షావుకార్లు వచ్చారు. సంతలో వాళ్ళ కొలతే కొలత. మామ్మ ఈ ముక్క చెప్పినప్పుడల్లా నవ్వేది. "ఆల కాడ రెండు కుంచాలుండేవిరా. మన వలిసెలు కొన్నప్పుడు పెద్ద కుంచం, మనకి ఉప్పు కొలిసినప్పుడు సిన్న కుంచం. మనకి తెలీదా? తెలుసు. తెలిసి ఏటి సేస్తాం, కూరలోకి ఉప్పు కావాల కదా!"

వానాకాలం ఇంకా కష్టం. పాత చోళ్ళు అయిపోయి, కొత్త సామలు చేతికి రాని రెండు మూడు నెలలు. మామిడి టెంకలు పగలగొట్టి, జీడి తీసి, నానబెట్టి పిండి చేసి అంబలి కాచేవారు. జీలుగ చెట్టు కొట్టి లోపలి గుజ్జు పిండి చేసుకునేవారు. అదీ చాలకపోతే షావుకారు గింజలు అప్పిచ్చేవాడు. పంట వచ్చాక తీర్చాలి. ఎంత తీర్చాలో ఆయన పుస్తకంలో ఉండేది.

మా తాత పెళ్ళికి అప్పు చేశారు. మనలో ఓలి ఇవ్వాలి కదా, పిల్ల ఇంటికి డబ్బు, మేక, చీరలు. వాళ్ళ నాన్న అప్పటికే లేడు. పెళ్ళి బాధ్యత తాత వాళ్ళ అన్న మీద పడింది. ఆయన్ని మేం పెద్ద తాత అనేవాళ్ళం. పెద్ద తాతకి ఇంకా పెళ్ళి కాలేదు. అయినా ముందు తమ్ముడిది చేసెయ్యాలన్నాడు. ముప్పై రూపాయలు తెచ్చారు. అప్పుకింద గరువు తాకట్టు. మడిసిని కూడా పంపమన్నాడు షావుకారు. పెద్ద తాత గొత్తి వెళ్ళాడు.

గొత్తి అంటే ఇప్పటి పిల్లలకి తెలీదు. అప్పు తీరేదాకా చాకిరీ. కూలి వడ్డీకి సరిపోయిందంటారు, అసలు అలాగే ఉంటుంది. తిండి, ఏడాదికో గుడ్డ, అంతే. మన విశాఖ ఏజెన్సీలో ఇలా ఎన్ని ఇళ్ళ నుంచి ఎంతమంది వెళ్ళారో లెక్క పెట్టిన వాళ్ళు లేరు.

షావుకారు ఆ గరువు సాగు చేయించేవాడు. ఎవరి చేత? మా పెద్ద తాత చేతే. తన తాతలు రాళ్ళు ఏరి చదును చేసిన గరువుని ఆయన ఇంకొకడి పాలేరుగా దున్నాడు. మామ్మ అంబలి పట్టుకుని ఆ గట్టు వారన నడిచేది. బావగారిని చూసి తల దించుకునేది. చనిపోయే ముందు దాకా ఆమె ఒకటే మాట. "నా ఓలికి మీ పెద్ద తాత అరిగిపోనాడురా. నేను ఈ ఇంటికి రాకపోతే ఆ మడిసికి ఓ ఇల్లుండేది." ఆయనకి పెళ్ళి కాలేదు. గొత్తి మనిషికి పిల్లనెవరిస్తారు?

ఇదంతా జరుగుతున్నప్పుడు చట్టం లేదా అంటే, ఉంది. ఏజెన్సీలో గిరిజనుల భూమి అనుమతి లేకుండా బయటివాళ్ళకి పోకూడదని 1917లోనే చట్టం వచ్చింది. అప్పు కింద మనిషిని కట్టిపడెయ్యడాన్ని అరికట్టడానికి 1940లో మద్రాసు ప్రభుత్వం ఒక రెగ్యులేషన్ తెచ్చింది. రెండూ కింద పుస్తకాల్లోనే ఉండిపోయాయి. కొండ మీదకి ఎక్కినవి అప్పు కాగితం, ముత్తాదారు శిస్తు, దొరల సామాను మోసే వెట్టి.

ఇలా ఇరవై ఏళ్ళ పైన గడిచింది. మా అయ్య పుట్టి, పెద్దవాడయ్యాడు. అప్పు అలాగే ఉంది.

1960ల్లో రైలు పని వచ్చింది. బైలడిల్లా కొండల్లో ఇనుప రాయి ఉంది, అది జపాన్‌కి కావాలి, విశాఖ రేవుకి చేరాలి. అందుకు కొత్తవలస నుంచి కిరండోల్ దాకా లైను. ఆ దారంతా 58 సొరంగాలు. మన శిమిలిగుడ స్టేషను దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. కాశ్మీరు లైను వచ్చేదాకా దేశంలో బ్రాడ్‌గేజ్‌కి అదే అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ అని చెప్పుకునేవారు. ఇప్పుడు అద్దాల బోగీలో కూర్చుని సొరంగం వస్తే టూరిస్టులు కేకలు వేస్తారు. ఆ కొండ తొలిచినప్పుడు మందు పేలిస్తే మా తాత చెవులు గడియ సేపు పనిచేసేవి కావంట. చివరి రోజుల్లో ఆయనకి ఎడమ చెవి అసలు వినపడేది కాదు.

తాత రాళ్ళు కొట్టాడు, మామ్మ తట్ట మోసింది. మొదటిసారి చేతికి నోట్లు వచ్చాయి. గింజలకి గింజలు, గింజలకి ఉప్పు తప్ప వేరే లెక్క తెలీని ఇంటికి వారం వారం డబ్బు. మామ్మ ఆ డబ్బు ఖర్చు పెట్టనివ్వలేదు. తాత కల్లు తాగుతానంటే "మీ అన్న ఇంటికొచ్చినాక తాగు" అనేదంట. రెండేళ్ళు కూడబెట్టారు.

ఒక శుక్రవారం నాడు ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని సంతకి వెళ్ళి షావుకారు ముందు డబ్బు పెట్టారు. ఆయన లెక్క చూసుకుని, కాగితం తీసి ఇచ్చేశాడు. పెద్ద తాత ఆ సాయంత్రమే ఇంటికి వచ్చాడు. తిన్నగా లోపలికి రాలేదంట. ఎవరింటికో వచ్చినట్టు అరుగు మీదే కూర్చున్నాడంట. "లోపలికి రా బావా" అని మామ్మ పిలిస్తే అప్పుడు లేచాడు.

కాగితం మాత్రం ఎవరూ చదవలేదు, చదవడం ఎవరికీ రాదు. మా అయ్య ఒక్కడే ఐదో తరగతి దాకా చదివాడు. ఆ రాత్రి దీపం దగ్గర అయ్య కూడబలుక్కుని చదివాడు. తెచ్చింది ముప్పై, రాసింది ఎనభై. గరువు "ఇష్టపూర్వకంగా" అప్పగించినట్టు ఉంది. కింద తాత వేలిముద్ర. తాత అంతా విని ఒక్కటే అడిగాడంట. "మా అన్న పేరు ఎక్కడుందిరా?"

ఎక్కడా లేదు. ఇరవై ఏళ్ళు చాకిరీ చేసిన మనిషి పేరు ఆ కాగితంలో ఒక్కచోట కూడా లేదు. ఎందుకు లేదో నాకు పెద్దయ్యాక, ఆ 1940 రెగ్యులేషన్ సంగతి తెలిశాక అర్థమైంది. మనిషిని కట్టిపడేస్తే తప్పు అని తెలిసిన వాడే ఆ కాగితం రాసి ఉంటాడు. అందుకే మనిషిని తీసుకున్నాడు, మాట రాయలేదు.

తాత ఆ కాగితం చింపబోతే మామ్మ లాక్కుంది. వెదురు గొట్టంలో పెట్టి పొయ్యి మీద అటకలో దాచింది. పొగ తగిలితే చెద పట్టదు కదా. నల్లబడిపోయింది గానీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

తర్వాత కాలం కొంచెం మారింది. గిరిజన సహకార సంస్థ 1956లో పెట్టారు. డిపోలు వచ్చాక ఉప్పు, బియ్యం, కిరసనాయిలుకి షావుకారు ఒక్కడే దిక్కు అన్న పరిస్థితి తగ్గింది. 1959లో భూ బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని గట్టి చేశారు, మనమంతా 1/70 అంటామే, అదే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది వాడే. ముత్తాదారీ కూడా 1969 రెగ్యులేషన్‌తో రద్దయింది. సర్వేవాళ్ళు గొలుసులు పట్టుకుని వచ్చి కొలిచాక మా గరువుకి పట్టా వచ్చింది. మన అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెళ్తే 1997లో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? ఏజెన్సీ భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని చెప్పింది. ప్రభుత్వానికే లేని హక్కు గుడారాలాయనకి ఎక్కడ నుంచి వస్తుంది?

ఇక్కడ ఒక ముక్క మన కుర్రాళ్ళు బాగా గుర్తుపెట్టుకోవాలి. 1/70లో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. వాటికోసం రాసుకున్న ఒప్పందం కూడా వస్తుంది. "అమ్మడం కాదు, లీజే" అన్న మాటకి చట్టంలో విలువ లేదు.

రెండ్రోజులయ్యాక మా వాడు తెచ్చిన కాగితం నేను మొత్తం చదివాను. చిత్రం ఏమిటంటే అందులో లీజు అన్న మాటే లేదు. "వ్యాపార భాగస్వామ్యం" అని ఉంది. వ్యాపారం మా వాడి పేరు మీదే, డబ్బు ఆయనది. మధ్యలో మేం మాట తప్పితే పెట్టుబడి అంతా వడ్డీతో సహా కట్టాలి. వడ్డీ ఎంతో ఒక మూల చిన్నగా ఉంది. నోటితో లీజు అంటున్నాడు, కాగితంలో రాయలేదు. అప్పుడు పెద్ద తాత పేరు రాయనట్టే.

వాణ్ణి పిలిచి అటక మీద వెదురు గొట్టం దింపాను. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి, ఇప్పుడు మీకు చెప్పిందంతా చెప్పాను. చాలాసేపు పాత కాగితం మీద వేలిముద్ర కేసి చూశాడు. తర్వాత అడిగాడు, "అంతా నిజమే పెదనాన్నా. కానీ ఆ గరువులో చోళ్ళు పండించుకుని నేను పిల్లల్ని చదివించగలనా? చుట్టూ అందరూ ఇచ్చేస్తున్నారు. నేనొక్కణ్ణి పట్టుకుని కూర్చుంటే ఏమొస్తుంది?"

ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాడు సోమరి కాదు. కాఫీ, మిరియాలు చూసుకుంటాడు, కూలికీ వెళ్తాడు. తాతకి ఉప్పు అవసరం, వీడికి కాలేజీ ఫీజు అవసరం. అవసరం ఉన్నవాడి దగ్గరికే కాగితం వస్తుంది, అప్పుడైనా ఇప్పుడైనా. నేనన్నది ఒక్కటే. టూరిస్టులు ఆ రోడ్డు మీద ఎలాగూ ఆగుతారు. మనమే రెండు గదులు వేద్దాం, చిన్నగా మొదలుపెడదాం, మన కాఫీ, మన కోడికూర, మన అంబలి పెడదాం. నా పసుపు డబ్బు కొంత పెడతాను. లాభం తక్కువ రావచ్చు, నష్టం కూడా రావచ్చు. కానీ గరువు మీద మనం పాలేర్లం కాము.

వాడు అవుననలేదు, కాదనలేదు. కొత్త కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. సంతకం ఇంకా పెట్టలేదు. ఈ శుక్రవారం సంతలో కలిసి మాట్లాడదామన్నాడు.

అన్నలారా, తమ్ముళ్ళారా, మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళు ఉంటే ఇవాళే కూర్చుని అడగండి. మీ గరువు, మీ పల్లం భూమి మీ చేతికి ఎలా వచ్చాయి, మధ్యలో ఎవరి చేతికి పోయాయి, ఎవరు చాకిరీ చేసి తెచ్చారు అని అడగండి. అటకల మీద వెతకండి. మా పెద్ద తాత పేరు ఏ కాగితంలోనూ లేదు. అందుకే ఇది రాశాను.