వావిళ్ళ అచ్చుల నుంచి ఓపెన్ సోర్సు ఫాంట్ల దాకా

నెల్లూరు తీరప్రాంతంలోని వావిళ్ళ గ్రామం పేరు తెలుగు పుస్తకప్రియులకు ఇంటిపేరుగానే ఎక్కువ పరిచయం. వావిళ్ళ రామస్వామి శాస్త్రులు 1854లో మద్రాసులో అచ్చుకూటం పెట్టారు. ఆయన తర్వాత కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు ప్రబంధాలను, శతకాలను పరిష్కరింపజేసి పాఠకుల చేతికి అందించారు. అలాంటి పాత ప్రతుల మీద కవి, పరిష్కర్త, ప్రకాశకుల పేర్లు ఉంటాయి. అక్షరానికి రూపు దిద్దినవాడి పేరు సాధారణంగా కనిపించదు. తెలుగు అచ్చు చరిత్రలో ఇది పెద్ద లోటు.

సీసపు అక్షరాలు కొన్నవాడు వాటితో అచ్చు వేసుకోగలిగేవాడే కాని, వాటి రూపాన్ని మార్చుకోలేడు. కంప్యూటర్లు వచ్చాక కూడా చాలాకాలం ఇదే పరిస్థితి. డీటీపీ సంస్థలు ఎవరి సంకేతాలు వాళ్లు పెట్టుకోవడంతో, ఒక ఫాంటులో కొట్టిన పాఠం మరో ఫాంటులో అర్థంకాని గీతలుగా మారిపోయేది. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. దాంతో సంకేతాల గందరగోళానికి దారి దొరికింది. అయితే యూనికోడ్ అక్షరానికి సంఖ్యను మాత్రమే ఇస్తుంది. రూపం ఇవ్వాల్సింది డిజైనరే.

తెలుగులో ఆ పని తేలిక కాదు. హల్లుకు తలకట్టు ఉంటుంది, గుణింతాలు మారుతుంటాయి, వత్తు కిందికో పక్కకో చేరుతుంది. ‘రాష్ట్రం’ అన్న మాటలో ఒకే అక్షరానికి రెండు వత్తులు పడతాయి. ఏ రూపం ఎక్కడ చేరాలో చెప్పే నియమాలు కూడా ఫాంటులోనే రాయాలి. పంక్తుల మధ్య చోటు తగ్గితే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది. తెలుగు చదవలేని ప్రోగ్రామరుకు ఈ తప్పు కంటికి ఆనదు. ఫలానా చోట ఫలానా అక్షరం చెడిందని బొమ్మతో చూపించి, సవరించిన రూపాన్ని పంపే డిజైనరు ఇక్కడ కోడు రాసేవారితో సమానమైన భాగస్వామి.

ఎవరైనా వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్టువేరుకు తెలుగు అక్షరాలను తొలినాళ్లలో సమకూర్చినవారిలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు ముఖ్యులు. అమెరికాలో ఉంటూ ఆయన రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లు ఆ స్వేచ్ఛనిచ్చే జీపీఎల్ లైసెన్సుతో విడుదలై డెబియన్ లినక్సులోకి చేరాయి. 2004లో రెడ్ హ్యాట్ సంస్థ లోహిత్ ఫాంట్లను అదే లైసెన్సుతో విడుదల చేసింది. హైదరాబాదులో స్వేచ్ఛ బృందం లినక్సు మెనూలను తెలుగులోకి తెచ్చింది. అక్షరాలు ముందే లేకపోతే ఆ అనువాదం తెర మీద కనిపించేదే కాదు.

తర్వాతి మలుపు సిలికానాంధ్ర సంస్థ అందించిన ఫాంట్లు. గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించిన వాటిలో చాలా వరకు ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చాయి. ఈ లైసెన్సు ప్రకారం ఫాంటును ఎవరైనా వాడుకోవచ్చు, మార్చి పంచవచ్చు. దాన్ని విడిగా అమ్మకూడదు. మార్చినవారు కూడా తమ కూర్పును అదే లైసెన్సుతో ఇవ్వాలి. దీని విలువ ‘మండలి’ ఫాంటులో కనిపిస్తుంది. 1975 ప్రపంచ తెలుగు మహాసభలను నడిపిన మండలి వెంకట కృష్ణారావు పేరు పెట్టుకున్న ఈ ఫాంటులో తెలుగు అక్షరాలు పురుషోత్ కుమార్‌వి, ఇంగ్లీషు అక్షరాలు వెర్నన్ ఆడమ్స్ ‘మ్యూలి’ ఫాంటువి. ఒకరి పనిని మరొకరు తీసుకోవడానికి లైసెన్సు ముందే అనుమతి ఇచ్చింది కాబట్టే ఇది సాధ్యమైంది.

ప్రచురణ సంస్థ కోసం గీసిన అక్షరాలు కూడా ఈ బాటలోకి వచ్చాయి. అల్లసాని పెద్దన మనుచరిత్రను 2015లో మూర్తి క్లాసికల్ లైబ్రరీ గ్రంథమాల ఆంగ్లానువాదంతో ప్రచురించింది. ఈ గ్రంథమాల కోసం ఫియోనా రాస్, జాన్ హడ్సన్ తీర్చిన తెలుగు అక్షరాలు తర్వాత ‘టిరో తెలుగు’గా ఓపెన్ లైసెన్సులో అందరికీ దక్కాయి.

చేయాల్సిన పని ఇంకా చాలా ఉంది. సిలికానాంధ్ర ఫాంట్లలో ఎక్కువ వాటికి ఒకే మందం ఉంది, బొద్దు అక్షరాలు లేవు. పాత శాసనాల పని కూడా మిగిలే ఉంది. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా వెలువరించారు. అయితే ప్రాచీన తెలుగు శాసనాల్లో కనిపించే ‘ఴ’ అక్షరానికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2014లోనే. అలాంటి పాఠాలను తెర మీద యథాతథంగా చూపాలంటే ప్రతి ఫాంటులోనూ ఆ అక్షరాన్ని, దాని గుణింతాన్ని, వత్తును ఎవరో ఒకరు గీయాలి.