కిటికీలు మారుస్తున్నారా? వేడి, గాలి రెండూ లెక్క చూడండి

పాత చెక్క కిటికీ తీసి యూపీవీసీ లేదా అల్యూమినియం కిటికీ పెట్టించే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. లోపలికి ఎండ వేడి ఎంత వస్తుంది? గాలికి ఎంత భాగం తెరుచుకుంటుంది?

అద్దం: ఎండ వేడిలో ఎంత వంతు గదిలోకి వస్తుందో ఎస్‌హెచ్‌జీసీ అనే అంకె చెబుతుంది. మామూలు అద్దానికి ఇది సుమారు 0.8. రెండూ మామూలు అద్దాలే అయితే డబుల్ గ్లాస్‌కు కూడా 0.7 దగ్గరే ఉంటుంది. ఎండను ఆపే లో-ఈ పూత ఉన్న రకంలో 0.3 దాకా తగ్గుతుంది. కొటేషన్‌లో ఈ అంకె రాయించుకోండి.

గాలి: రెండు పట్టాల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీ దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది. కొత్త ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత లెక్క పాత ఇంటికీ కొలతగా పనికొస్తుంది. తెరుచుకునే కిటికీలు, వెంటిలేటర్లు, బయటి తలుపులు కలిపి కార్పెట్ ఏరియాలో కనీసం ఇంత ఉండాలి:

• యానాం, చెన్నై, బరంపురం (ఉక్క ప్రాంతం): 16.66 శాతం
• బెంగళూరు: 12.5 శాతం
• షోలాపూర్ (పొడి వేడి): 10 శాతం

అంటే యానాంలో 600 చదరపు అడుగుల ఇంటికి 100 చదరపు అడుగులు.

నీడ: లోపలి కర్టెన్ కన్నా బయట కట్టిన వెదురు తడక వేడిని బాగా ఆపుతుంది, ఎండ అద్దం దాకా రాదు కనుక. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి పడమటి కిటికీకి సన్‌షేడ్ ఒక్కటే చాలదు. డబ్బు తక్కువైతే ముందు ఆ కిటికీకే మంచి అద్దం, తడక పెట్టించండి.